2022 మరణవార్తలు, సిలోయము గోపురము



డిసెంబరు 31 శనివారం మధ్యాహ్నం మన మందిరాలలో రాత్రి ఆరాధనకు ఏర్పాట్లు జరుగుతూ ఉన్నాయి. ఒకచోట కుర్చీలు వేస్తున్నారు, ఒకచోట మైకులు సరిచూస్తున్నారు, ఇంకొకచోట నూతన సంవత్సర వాగ్దానపు కార్డుల కట్టలు విప్పుతున్నారు. ఆ వేళకే రోము నుండి వార్త వచ్చింది. పదహారవ బెనెడిక్ట్ తమ 95వ ఏట కన్నుమూశారు. 2022 మొదటి రోజు కూడా ఒక దైవసేవకుని అంత్యక్రియలతోనే తెల్లవారింది. 2021 డిసెంబరు 26న నిద్రించిన ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ గారికి జనవరి 1న కేప్ టౌన్‌లో వీడ్కోలు పలికారు. దొరికినంతలో చౌక పెట్టె చాలునని ఆయన ముందే చెప్పి ఉంచారు. అందుచేత తాళ్లే పిడులుగా ఉన్న ఒక మామూలు దేవదారు పెట్టెలో ఆయనను ఉంచారు. దాని మీద కుటుంబసభ్యులు పెట్టిన ఒక్క పూలగుత్తి తప్ప మరేమీ లేదు. సమాధి కార్యక్రమానికి అప్పు చేసే అలవాటు పెరుగుతున్న మన సంఘాలు ఆ పెట్టె ఫోటోను ఒకసారి చూస్తే బాగుండును.

ఈ రెండు వార్తల మధ్య గడచిన 365 రోజులలో లోకం చాలా చూసింది. వాటన్నిటినీ వరుసగా రాయడం వార్తాపత్రికల పని, అవి రాసేశాయి కూడా. మేము అడగదలచిన ప్రశ్న వేరు. మరణవార్త చెవిని పడినప్పుడు విశ్వాసి దానిని ఎలా వినాలి? ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకంటే, 2022 ఫిబ్రవరి నుండి మన వాట్సాప్ గుంపులలోను, యూట్యూబ్ ప్రసంగాలలోను ప్రతి వార్తకూ ఒక ప్రవచన వివరణ అంటుకొని వస్తున్నది. పాఠకులలో అనేకులు వాటిని మాకు పంపి, "అయ్యగారూ, ఇది నిజమేనా?" అని అడుగుతున్నారు.

యేసు ప్రభువు దగ్గరకు కూడా ఇలాగే కొందరు వార్త పట్టుకొని వచ్చారు. లూకా సువార్త 13వ అధ్యాయం మొదటి అయిదు వచనాలు తెరచి చూడండి. బలులు అర్పిస్తున్న గలిలయులను పిలాతు చంపించాడనీ, వారి రక్తము బలుల రక్తముతో కలిసిపోయిందనీ వారు చెప్పారు. ఆ రోజులలో అది పెద్ద రాజకీయ వార్తే. రోమా ప్రభుత్వాన్ని తిట్టవచ్చు, చచ్చినవారిని అమరులని పొగడవచ్చు, లేదా వారేదో పాపం చేసి ఉంటారని గుసగుసలాడుకోవచ్చు. ప్రభువు ఈ మూడింటిలో దేనినీ చేయలేదు. వారు మిగతా గలిలయులకంటె ఎక్కువ పాపులని మీరు తలస్తున్నారా అని ఎదురు ప్రశ్న వేసి, కాదని తానే తేల్చి చెప్పాడు. అంతటితో ఆగక, వారు అడగని ఇంకొక సంగతి ఎత్తాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. అక్కడ పిలాతూ లేడు, కత్తీ లేదు, అది ఒక ప్రమాదం. వారి విషయంలోనూ అదే మాట అన్నాడు. తరువాత ముఖం వార్త తెచ్చినవారి వైపు తిప్పి, మీరు మారుమనస్సు పొందవలెనని హెచ్చరించాడు.

హత్యను గూర్చి, ప్రమాదమును గూర్చి ప్రభువు ఇచ్చిన జవాబు ఒక్కటే. చచ్చినవారి లెక్క తేల్చే పని మనకు అప్పగించలేదు. అంత్యదినాల క్యాలెండరు గీయడానికి కూడా ఆయన ఆ వార్తను వాడుకోలేదు. 2022ను ఈ వెలుగులోనే చూద్దాం.

మొదట ఉక్రెయిన్. ఫిబ్రవరి 24 తెల్లవారుజామున రష్యా సైన్యం ఆ దేశం మీద పడింది. మనకు అది దూరపు యుద్ధం కాదు. అక్కడ వైద్యవిద్య చదువుతున్న మన పిల్లలు బంకర్లలో తలదాచుకొని ఇంటికి ఫోను చేశారు. 'ఆపరేషన్ గంగ' రోజులలో ఉక్రెయిన్ నుండి బయటపడిన భారతీయులు 22,000 మందికి పైనే. వారిలో రెండు తెలుగు రాష్ట్రాల విద్యార్థులు వందలాదిగా ఉన్నారు. కర్ణాటకకు చెందిన ఒక విద్యార్థి ఖార్కివ్ నగరంలో ప్రాణం కోల్పోయాడు. అప్పట్లో మనం వాడే పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా ఆ దేశం నుండే వచ్చేది గనుక కొన్ని వారాలలోనే వంటింట్లో కూడా యుద్ధం తెలిసింది. మార్చి 16న మారియుపోల్ పట్టణంలో ఒక నాటకశాల మీద బాంబు పడింది. లోపల పిల్లలున్నారని బయట నేల మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టి ఉన్నది. ఏప్రిల్‌లో బూచా పట్టణం నుండి రష్యా సేనలు వెళ్లిపోయిన తరువాత అక్కడి అంద్రెయ దేవాలయం వెనుక స్థలంలో సామూహిక సమాధి కనబడింది. మే నెలకల్లా లోకమంతటా ఇల్లు విడిచి పారిపోయినవారి సంఖ్య చరిత్రలో మొదటిసారి 10 కోట్లు దాటిందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ప్రకటించింది.

ఇదంతా జరుగుతుండగా మన ప్రసంగ వేదికలలో ఎక్కువగా వినబడిన మాట ఏది? గోగు, మాగోగు. యెహెజ్కేలు 38వ అధ్యాయంలో ఉన్న 'రోషు' అంటే రష్యా, 'మెషెకు' అంటే మాస్కో, 'తుబాలు' అంటే సైబీరియాలోని తొబోల్స్క్ పట్టణం అని బోర్డు మీద రాసి మరీ చూపారు. ఈ మాట మన దగ్గర పుట్టినది కాదు. అమెరికాలో 1970లో వెలువడిన ఒక ప్రసిద్ధ పుస్తకం దీనిని ఇంటింటికీ చేర్చింది. ఫిబ్రవరి చివర అక్కడి టీవీ ప్రసంగీకుడు పాట్ రాబర్ట్‌సన్ కూడా ఇదే మాట మళ్లీ అన్నాడు. ఇక్కడ అది అనువాదమై తిరుగుతున్నది.

ఈ వాదాన్ని కాస్త నిదానంగా పరీక్షించాలి. హెబ్రీ భాషలో 'రోష్' అంటే తల, ముఖ్యుడు. యూదుల నూతన సంవత్సరానికి 'రోష్ హషానా' అని పేరు, అంటే సంవత్సరపు తల. కాబట్టి యెహెజ్కేలు మాటను 'ముఖ్య అధిపతి' అని అనువదించినవారు ఉన్నారు, 'రోషు' అనే ఊరి పేరుగా తీసుకున్నవారూ ఉన్నారు. మన తెలుగు బైబిలు రెండవ దారిలో వెళ్లింది. పండితులకు ఇది ఈనాటికీ చర్చే. కాని దేశం పేరే అనుకున్నా అది రష్యా కాజాలదు. యెహెజ్కేలు బబులోను చెరలో కూర్చుని ప్రవచించినది క్రీస్తుకు పూర్వం ఆరవ శతాబ్దం. 'రుస్' అనే పేరు చరిత్రలో కనబడేది క్రీస్తు శకం తొమ్మిదవ శతాబ్దంలో. మధ్యలో వెయ్యి సంవత్సరాలకు పైగా ఎడం ఉంది. ఇక మెషెకు, తుబాలు అనేవి ఆనాటి జనులకు తెలిసిన జాతులే. అష్షూరు రాజుల శాసనాలలో ముష్కి, తబాల్ అని వీరి పేర్లు ఉన్నాయి. వారు కాపురమున్నది నేటి టర్కీ దేశం ఉన్న ప్రాంతంలో. మాస్కోకు, మెషెకుకు ఉన్న చుట్టరికం శబ్దంలో తప్ప మరెక్కడా లేదు. శబ్దాన్ని బట్టి అర్థం చెప్పడం మొదలుపెడితే మన ఊళ్ల పేర్లకు కూడా బైబిలులో చోటు చూపవచ్చు.

ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో యోహాను ఈ పేర్లనే మళ్లీ ఎత్తుతాడు. అక్కడ గోగు, మాగోగు అనేది ఒక దేశం కాదు, భూమి నలుదిక్కుల నుండి కూడివచ్చే జనములు. అపొస్తలుడే దానిని ఒక పటం మీద గుర్తు పెట్టకుండా విడిచిపెట్టాడు. తరువాతి తరాలు ఊరుకోలేదు. నాల్గవ శతాబ్దంలో మిలాను బిషప్ అంబ్రోసు తన కాలంలో దండెత్తి వస్తున్న గోతు జాతివారే గోగు అన్నాడు. పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథరు గారు తుర్కులను చూపించారు. ఇంతటి దైవజనులు కూడా తమ కాలపు శత్రువునే ఆ పేజీలో చదువుకున్నారు.

ఇందులో ఇంకొక విచిత్రం ఉంది. ఆగస్టు 30న సోవియట్ యూనియన్ చివరి అధినేత మిఖాయిల్ గోర్బచేవ్ 91వ ఏట చనిపోయాడు. ఆయన నుదుటి మీద ఎర్రటి పుట్టుమచ్చ ఉండేది. దానిని మృగము ముద్ర అనుకున్నవారున్నారు. 1988లో అమెరికాలో ఒకాయన గోర్బచేవే క్రీస్తు విరోధి కావచ్చునని లెక్కలు వేసి ఒక పుస్తకమే రాశాడు. జరిగినదేమిటి? అదే 1988లో రష్యా క్రైస్తవ్యం స్వీకరించి వెయ్యేండ్లయిన పండుగను బహిరంగంగా జరుపుకోవడానికి గోర్బచేవ్ అనుమతించాడు. 1989 డిసెంబరులో పోపును కలిశాడు. 1990 అక్టోబరులో సోవియట్ చట్టసభ మనస్సాక్షి స్వాతంత్ర్య చట్టం చేసింది. డెబ్బై ఏండ్లు నలిగిపోయిన సంఘాలు తలుపులు తెరుచుకున్నాయి. క్రీస్తు విరోధి అని ముద్ర వేసిన మనుష్యుని చేతుల మీదుగానే దేవుడు ఆ తలుపు తెరిచాడు.

గోర్బచేవ్ పోయిన నాలుగు వారాలకు, సెప్టెంబరు 27న, హాలండు దేశంలో బ్రదర్ ఆండ్రూ 94వ ఏట ప్రభువునందు నిద్రించారు. మన పత్రికలలో ఆ వార్తకు దక్కింది నాలుగు వరుసలు. 1955లో పోలండుకు వెళ్లినప్పటి నుండి ఆయన కమ్యూనిస్టు దేశాలలోని విశ్వాసులకు బైబిళ్లు మోశారు. చిన్న నీలం ఫోక్స్‌వాగన్ కారులో పుస్తకాలు పెట్టుకొని సరిహద్దు దాటేవారు. ఆయన స్థాపించిన ఓపెన్ డోర్స్ సంస్థ 1981 జూన్‌లో ఒక్క రాత్రిలో పది లక్షల బైబిళ్లను పడవ మీద చైనా సముద్రతీరానికి చేర్చింది. ఇక్కడ ఒక మాట పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజులలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాలలో అందమైన బొమ్మలతో, కారుచౌకగా దొరికేవి. మాస్కో నుండి మన ఊరికి పుస్తకాలు అలా హాయిగా వస్తున్న కాలంలోనే, మాస్కోలో ఒక బైబిలు సంపాదించడానికి విశ్వాసులు ప్రాణాలకు తెగించవలసి వచ్చింది. బ్రదర్ ఆండ్రూ రష్యా పటం మీద గోగు అని రాసుకొని కూర్చుని ఉంటే ఆ కారు కదిలేది కాదు.

అక్టోబరు 25న గార్డన్ ఫీ గారు కూడా 88వ ఏట వెళ్లిపోయారు. సెమినరీలో చదివినవారికి ఆయన పేరు కొత్త కాదు. పెంతెకొస్తు సంఘపు సేవకుడై ఉండి, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మీద ఆయన చేసిన వ్యాఖ్యానం ఇప్పటికీ ప్రతి గ్రంథాలయంలో ఉంటుంది. డగ్లస్ స్టువర్ట్‌తో కలిసి బైబిలును ఎలా చదవాలో నేర్పే పుస్తకం రాశారు. మొదట విన్నవారికి ఆ వాక్యం ఏమని అర్థమైంది అనే ప్రశ్నతో మొదలుపెట్టండి అన్నది అందులోని సారం. యెహెజ్కేలు మాట మొదట విన్నవారు ఇల్లూ, దేవాలయమూ పోగొట్టుకొని చెరలో ఉన్నవారు. ఎంత పెద్ద శత్రువు వచ్చినా దేవుడు మిమ్మును విడువడు అన్నది వారికి వినబడిన మాట. ఉక్రెయిన్‌లోని విశ్వాసులు ఈ అధ్యాయం చదివితే వారికీ అదే వినబడుతుంది. మనకు మాత్రం తారీఖులు వినబడుతున్నాయి.

ప్రవచనాన్ని యుద్ధానికి అంటగట్టడం మన దగ్గర ఉబుసుపోకకు జరుగుతున్నది. మాస్కోలో అదే పని అధికారికంగా జరిగింది. రష్యా ఆర్థడాక్సు సంఘాధిపతి కిరిల్ మొదటినుండి ఈ యుద్ధాన్ని సమర్థించాడు. సెప్టెంబరు 25న ఆయన చేసిన ప్రసంగంలో, విధి నిర్వహణలో చనిపోయే సైనికుని పాపములన్నీ ఆ త్యాగంతో కడుగబడతాయని చెప్పాడు. పాపములను కడిగేది ఏ రక్తమో ఆదివారపు బడి పిల్లవానికి తెలుసు. ఆ సంఘంలోనే 280 మందికి పైగా గురువులు మార్చిలో, యుద్ధం ఆపమని పేర్లతో సహా సంతకాలు చేశారు. అలా చేస్తే ఏమవుతుందో తెలిసే చేశారు. మన ప్రార్థనలలో కిరిల్‌ను విమర్శించడం కంటె ఆ గురువులను జ్ఞాపకం చేసుకోవడం మేలు.

సెప్టెంబరు 8న రెండవ ఎలిజబెత్ రాణి 96వ ఏట స్కాట్లండులోని బాల్మోరల్ భవనంలో మరణించారు. 70 సంవత్సరాలు రాజ్యం చేశారు, ఇంగ్లండు సంఘానికి సర్వోన్నత పాలకురాలిగా ఉన్నారు. హైదరాబాదు వారికి ఆమెతో ఒక చిన్న జ్ఞాపకం ఉంది. 1983 నవంబరులో తమ పెండ్లిరోజున భర్తతో కలిసి ఆమె బొల్లారంలోని హోలీ ట్రినిటీ దేవాలయంలో ఆరాధనకు వచ్చారు. ఆమె విశ్వాసాన్ని గూర్చి మెచ్చుకొని రాసినవారు చాలామంది, ఆమె కిరీటం మోసిన సామ్రాజ్యపు గాయాలను గుర్తుచేసినవారూ ఉన్నారు. రెండూ నిజమే, ఒకటి చెప్పడానికి రెండవది దాచనక్కరలేదు. మన దేశం కూడా సెప్టెంబరు 11ను సంతాప దినంగా పాటించింది. మేము చెప్పదలచినది ఇంకొకటి. రాణిగారి పార్థివదేహాన్ని చూడడానికి లండనులో జనం మైళ్ల కొద్దీ వరుసలో నిలబడిన ఆ రోజులలో, పాకిస్తానులో వరద నీరు ఇంకా తీయలేదు. అక్కడ చనిపోయినవారు 1,700 మందికి పైన, ఇబ్బంది పడినవారు 3 కోట్ల 30 లక్షలు. మన సరిహద్దు పక్కనే. మన టీవీలలో ఆ రెండు వార్తలకు దక్కిన నిమిషాలు ఎవరైనా లెక్కపెట్టారా?

ఆ కొలత తేడాకు మన తెలుగు లోగిలిలోనే ఒక ఉదాహరణ దొరుకుతుంది. నవంబరు 15న నటుడు కృష్ణ గారు పోయారు. తెలుగువారు ఒక రోజంతా ఆ మాటే మాట్లాడుకున్నారు, అందులో తప్పేమీ లేదు. అదే రోజున భూమి మీద జనసంఖ్య 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఒక్కరిని అంతగా తెలుసుకొని ఏడవగలిగిన మనకు, ఆ 800 కోట్లలో ప్రతివారూ ఒకరికి అంత తెలిసినవారే అన్నది మాత్రం గుర్తుండదు.

ఇక సిలోయము గోపురం దగ్గరకు వద్దాం. అక్టోబరు 29 రాత్రి దక్షిణ కొరియా రాజధాని సియోలులో, ఇతేవాన్ అనే చోట, ఇరుకు సందులో తొక్కిసలాట జరిగి 150 మందికి పైగా చనిపోయారు. దాదాపు అందరూ యువతీయువకులు. మర్నాడు సాయంత్రం గుజరాత్‌లోని మోర్బీలో మచ్చూ నది మీద తీగల వంతెన తెగి 135 మంది నీళ్లలో పడి పోయారు. మరమ్మతు చేసి తెరిచి అప్పటికి నాలుగైదు రోజులే. మరమ్మతు పని అప్పగించింది గడియారాలు చేసే కంపెనీకి. డిసెంబరు 28న మన కందుకూరులో ఒక రాజకీయ సభ దగ్గర తొక్కిసలాటలో 8 మంది చనిపోయారు.

ఇతేవాన్ సంగతి వచ్చినప్పుడు, వారు హాలోవీన్ అనే దయ్యాల పండుగకు వెళ్లారు గనుక దేవుడు శిక్షించాడని ఒక సందేశం మన గుంపులలో తిరిగింది. మోర్బీ విషయంలో కూడా అలాంటిది ఒకటి మేము చూశాము, దానిని ఇక్కడ తిరిగి రాయడానికి చేయి రావడం లేదు. ప్రియులారా, వారు ఎక్కువ పాపులని మీరు తలస్తున్నారా అని ప్రభువు అడిగినది సరిగ్గా ఈ మాటనే. ఆయన కాదన్న తరువాత మనం అవునంటే ఎలా? బిడ్డను పోగొట్టుకొన్న తల్లి చెవిని ఆ సందేశం పడితే, ఆమెకు మన ప్రభువును గూర్చి తరువాత ఎవరు చెప్పగలరు? పైగా ఇలాంటి మాట అసలు తప్పు చేసినవానికి ఎంతో వీలుగా ఉంటుంది. గోపురం కూలడం దేవుని శిక్ష అయితే, ఇసుక ఎక్కువ కలిపి కట్టిన మేస్త్రీని ఎవరూ అడగరు.

మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాదు బోయిగూడలో ఒక తుక్కు గోదాము తగలబడింది. పైఅంతస్తులో నిద్రిస్తున్న 11 మంది కూలీలు చనిపోయారు. అందరూ బీహారు నుండి పొట్టకూటికి వచ్చినవారు. చుట్టుపక్కల ఎన్ని మందిరాలున్నాయో ఆ ప్రాంతం ఎరిగినవారికి తెలుసు. తరువాతి ఆదివారం వాటిలో ఎన్నింటిలో ఆ పదకొండు మంది కోసం ఒక నిమిషం లేచి నిలబడ్డారో ఆయా సంఘాలే చెప్పాలి. మన పిల్లలు కూడా ఇలాగే దూరదేశాలలో ఇరుకు గదులలో పడుకొంటున్నారు. నవంబరు, డిసెంబరు నెలలలో ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగింది. ఆ మైదానాలు, రోడ్లు, హోటళ్లు కట్టిన చేతులలో జగిత్యాల, నిజామాబాదు, కరీంనగరు నుండి వెళ్లిన చేతులూ ఉన్నాయి. ప్రపంచకప్‌కు సంబంధించిన పనులలో 400 నుండి 500 మంది వలస కార్మికులు చనిపోయి ఉంటారని నిర్వాహక కమిటీ పెద్దే ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. అసలు సంఖ్య అంతకంటె చాలా ఎక్కువని వాదించేవారు ఉన్నారు. గల్ఫ్‌లో శుక్రవారం ఆరాధనకు కూడుకొనే మన తెలుగు సంఘాలకు ఈ లెక్కలో ముఖాలు కూడా తెలుసు.

ప్రభువుకు మొదట వినిపించిన వార్త ఆరాధిస్తూ చంపబడినవారిది. అలాంటి వార్త 2022లోనూ వచ్చింది. జూన్ 5 పెంతెకొస్తు ఆదివారం. నైజీరియాలోని ఓవో పట్టణంలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ కథోలిక దేవాలయంలో ఆరాధన జరుగుతుండగా తుపాకులతో, బాంబులతో దాడి చేశారు. కనీసం 40 మంది చనిపోయారు, వారిలో పిల్లలున్నారు. అదే పూట మన మందిరాలలో మనం పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ పాటలు పాడుకొని ఇంటికి వచ్చి భోంచేశాము. వారు కథోలికులు, మనం కాదు అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

కథోలికుల మాట వచ్చింది గనుక ఒక సంతోషం కూడా చెప్పుకోవాలి. ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు. కర్నూలు జిల్లావారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితులలో కూడా మొదటివారు. శవపేటికల మధ్య ఈ వార్త మాకు నిజంగా ఊరట. మన ప్రొటెస్టంటు సంఘాలలో కులం ఇంకా ఏ ఎన్నికలలో, ఏ సమాధితోటలో ఎలా పనిచేస్తున్నదో మరొక వారం రాస్తాము.

మారుమనస్సు పొందవలసినది మీరే అని ప్రభువు వార్త తెచ్చినవారితో అన్నాడు. ఈ మాట 2022లో సంఘానికే ఎక్కువ తగిలింది. జూలై 8న జపాను మాజీ ప్రధాని షింజో అబె నారా పట్టణంలో ఎన్నికల ప్రసంగం చేస్తుండగా ఇంట్లో తయారుచేసిన తుపాకీతో ఒకడు కాల్చి చంపాడు. హత్యకు ఏ సమర్థనా లేదు. కాని నిందితుడు పోలీసులకు చెప్పిన కారణం వినదగినది. అతని తల్లి యూనిఫికేషన్ చర్చి అనే సంస్థకు సుమారు 10 కోట్ల యెన్‌లు కానుకలుగా ఇచ్చి కుటుంబాన్ని దివాలా తీయించింది. ఆ సంస్థకు అబె అండగా ఉన్నాడన్నది అతని కోపం. ఆ సంస్థ బోధ క్రైస్తవ బోధ కాదు, అందులో సందేహం లేదు. అయినా భయపెట్టి, ఆశపెట్టి కానుకలు రాబట్టే పద్ధతి వారికే చెందినదా? డిసెంబరులో జపాను ప్రభుత్వం ఇలా వసూలు చేసే విరాళాలకు అడ్డుకట్ట వేస్తూ చట్టం చేసింది. విత్తనం వేయండి, వంద రెట్లు వస్తుంది అని పుస్తెలతాడు కూడా పళ్లెంలో వేయించుకొన్న సభలు మన జిల్లాలలో జరగలేదా? గార్డన్ ఫీ గారు ఆరోగ్య ఐశ్వర్య సువార్తలను ఒక వ్యాధి అని పేరు పెట్టి చిన్న పుస్తకం రాసి నలభై ఏండ్లయింది. అది మన భాషలో ఇంటింటా చదవవలసిన పుస్తకం.

రెండవది ఇంకా బాధాకరం. మేలో అమెరికాలోని సదరన్ బాప్తిస్టు సంఘాల మీద స్వతంత్ర విచారణ నివేదిక వెలువడింది. స్త్రీల మీద, పిల్లల మీద లైంగిక దౌర్జన్యం చేశారని నింద పడిన సేవకుల జాబితాను కేంద్ర కార్యాలయంలో ఏండ్ల తరబడి రహస్యంగా దాచి, ఫిర్యాదు చేసినవారిని మాత్రం తోసివేశారని తేలింది. జాబితాలో 700కు పైగా పేర్లున్నాయి. (మన తెలుగు బాప్తిస్టు సంఘాలు వేరొక మిషను నుండి వచ్చినవి, ఆ సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది.) అంతకు ముందే జనవరిలో జర్మనీలో ఒక నివేదిక, బెనెడిక్ట్ గారు మ్యూనిక్ ఆర్చిబిషప్‌గా ఉన్న రోజులలో నాలుగు సందర్భాలలో తగిన చర్య తీసుకోలేదని తప్పుపట్టింది. తాను దాచిపెట్టలేదని అంటూనే, బాధితుల యెదుట సిగ్గుపడుతున్నానని, క్షమించమని ఆయన ఫిబ్రవరిలో ఉత్తరం రాశారు. యేసు జీవితంపై మూడు సంపుటాలు రాసిన గొప్ప పండితుడు, దాదాపు 600 సంవత్సరాలలో తానుగా పదవి విడిచిన మొదటి పోపు. ఆ ఉత్తరం కూడా ఆయన జీవితంలో భాగమే. జూలైలో పోపు ఫ్రాన్సిస్ కెనడా వెళ్లి, క్రైస్తవ వసతి పాఠశాలలలో ఆదివాసీ పిల్లలకు జరిగిన కీడు నిమిత్తం ఆ జనుల మధ్య నిలబడి క్షమాపణ అడిగారు.

తీర్పు దేవుని ఇంటి యొద్దనే మొదలవుతుందని పేతురు తన మొదటి పత్రికలో రాశాడు. ఈ వచనం రాత్రి ఆరాధనలో పంచే కార్డుల మీద ఎప్పుడూ కనబడదు. మన సంఘాలలో ఒక ఆడపిల్ల గాని, ఒక సేవకుని భార్య గాని ఫిర్యాదు చేయవలసి వస్తే ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఆ పేరు, ఆ ఫోను నెంబరు మందిరపు నోటీసు బోర్డు మీద ఉందా? కాపరి మీదే ఫిర్యాదు అయితే ఎవరు వింటారు? సంవత్సరాంతపు సంఘ సమావేశాలలో లెక్కల పుస్తకంతో పాటు ఈ ప్రశ్నను కూడా బల్ల మీద పెట్టమని పెద్దలను కోరుతున్నాము.

లూకా 13లో ఆ అయిదు వచనాల తరువాత వెంటనే ఒక ఉపమానం ఉంది. మూడేండ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికివేయమని యజమాని అంటే, తోటమాలి ఇంకొక్క సంవత్సరం గడువు అడుగుతాడు. చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానంటాడు. గోపురం కింద చనిపోయినవారి కథ పక్కనే ప్రభువు ఈ కథ చెప్పాడు. గడువు దొరికినది బ్రతికి ఉన్నవారికి, త్రవ్వేది కూడా వారి చెట్టు చుట్టూనే.

ఈ ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో సంఘ కాపరులు కొన్ని పేర్లు చేర్చుకోవచ్చు. ఉక్రెయిన్‌లో కరెంటు లేక చలిలో ఉన్న కుటుంబాలు, యుద్ధం వద్దని సంతకం చేసిన రష్యా గురువులు, ఓవో సంఘం, మోర్బీలోను కందుకూరులోను తమవారిని పోగొట్టుకొన్న ఇండ్లు, సింధు ప్రాంతంలోని వరద బాధితులు, గల్ఫ్‌లోని మన కూలీలు. బీహారులో సేవ చేస్తున్న తెలుగు మిషనరీలు ఎవరైనా మీ సంఘ పరిచయంలో ఉంటే, బోయిగూడ మృతుల ఇండ్లకు ఒకసారి వెళ్లి రమ్మని వారికి ఈ వారమే ఫోను చేయండి.